ఆడియో సిస్టమ్‌కి సెపరేట్ కరెంట్ లైన్ వేయించాలా? మా ఇంట్లో జరిగింది ఇదీ

పోయిన వారం నా సెకండ్‌హ్యాండ్ యాంప్లిఫయర్ వీడియో పెట్టాక చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "అన్నా, దానికి కరెంటు లైను సెపరేట్‌గా వేయించావా? వేయిస్తే సౌండ్ మారుతుందా?" వేయించాను. ఎందుకు వేయించానో చెప్పాలంటే ముందు మా అమ్మకి షాక్ కొట్టిన సంగతి చెప్పాలి. ఆ తప్పు నాదే. అందుకని ఈ ఎపిసోడ్‌లో స్పీకర్లూ, రివ్యూలూ ఏమీ లేవు, మొత్తం కరెంటే.

ఒక మాట ముందే చెప్పేస్తా. నేను ఎలక్ట్రీషియన్ని కాదు. బీటెక్ ఫస్టియర్‌లో బేసిక్ ఎలక్ట్రికల్ అని ఒక సబ్జెక్టు ఉండేది, పాసయ్యాను, ఆ తర్వాత నా బతుకంతా కోడింగే. కాబట్టి ఇది చూసి మీరే స్క్రూడ్రైవర్ పట్టుకుని బోర్డు విప్పొద్దు. పని తెలిసిన ఆయన్ని పిలిచి, పక్కన నిలబడి సరైన ప్రశ్నలు అడగడానికి ఈ వీడియో పనికొస్తుంది.

మా అమ్మానాన్నల ఇల్లు తెనాలిలో. తొంభైల్లో కట్టిన ఇల్లు. సంక్రాంతికి వెళ్తూ ఈ యాంప్లిఫయర్‌ని హైదరాబాద్ నుంచి మోసుకెళ్లాను, నాన్నకి ఘంటసాల పాటలు మంచి సౌండ్‌లో వినిపిద్దామని. హాల్లో పెట్టి, టీవీ ఆడియో ఔట్ నుంచి ఆర్‌సీఏ వైరు దానికి కలిపాను. టీవీకి సెట్‌టాప్ బాక్స్, దానికి వీధిలోంచి వచ్చే కేబుల్. మీ ఇంట్లో ఉండే సెటప్పే. ఆన్ చేశాను. పాట కంటే ముందు గుంయ్‌మని మోత. వాల్యూమ్ పెంచితే పాటతో పాటు అదీ పెరుగుతోంది.

గమ్మత్తేంటంటే ఆ మోత ఒకే తీరుగా లేదు. పక్క గదిలో నాన్న బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఇస్త్రీ పెట్టె మీద ఎర్ర లైటు వెలిగినంతసేపూ మోత ఎక్కువ. లైటు ఆరగానే తక్కువ. మళ్లీ వెలిగితే మళ్లీ ఎక్కువ. నాకు నవ్వొచ్చింది. అసలు జబ్బేంటో ఆ లైటే చెబుతోందని అప్పుడు తట్టలేదు.

సాఫ్ట్‌వేర్ వాడు అలాంటప్పుడు ఏం చేస్తాడు? ఫోన్ తీసి వెతుకుతాడు. "ఎర్త్ పిన్ను తీసేయండి, హమ్ పోతుంది" అని ఎవరో రాశారు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నులుగా మార్చే అడాప్టర్ ఉంటుంది కదా, అది తెచ్చి పెట్టాను. మోత నిజంగానే పోయింది! ఆ సాయంత్రం నాన్న రెండు గంటలు కదలకుండా పాటలు విన్నారు. నేను హీరో.

మర్నాడు పొద్దున టీవీ వైరు పీకేసి, ఫోన్లోంచి పాటలు పెట్టడానికి బ్లూటూత్ రిసీవర్ తగిలించాను. యాంప్లిఫయర్ ఆన్‌లోనే ఉంది. అమ్మ హాలంతా తడిగుడ్డ పెట్టి, అదే చేత్తో దీని మీద దుమ్ము తుడవబోయింది. కాళ్లకి చెప్పుల్లేవు, నేల ఇంకా ఆరలేదు. చటుక్కున గుడ్డ వదిలేసి వెనక్కి తగ్గింది. "ఒరేయ్, నీ డబ్బా కరుస్తోందిరా" అంది. నవ్వుతూనే అంది. కానీ మోచెయ్యి దాకా తిమ్మిరెక్కిందని చెయ్యి రుద్దుకుంటూ కాసేపు అలా కూర్చుండిపోయింది. వాళ్లకి నేను చేసిన ఘనకార్యం చెప్పడానికి నాకు మధ్యాహ్నం దాకా నోరు రాలేదు.

ఏం జరిగిందో చూద్దాం. యాంప్లిఫయర్ బాడీ ఇనుము. ప్లగ్గులో మూడో పిన్ను లోపల ఆ బాడీకే కలిసి ఉంటుంది. కరెంటు లోపలికొచ్చే చోట నాయిస్ ఫిల్టర్ కోసం చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఫేజ్ నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి. వాటిలోంచి ఎప్పుడూ కొంచెం కరెంటు కారుతూనే ఉంటుంది. మూడో పిన్నుకి నిజమైన ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది. పిన్ను తీసేస్తే పోయే దారి లేదు. బాడీ మీద 230లో దాదాపు సగం వోల్టేజీ నిలబడుతుంది. మెటల్ లాప్‌టాప్‌ని రెండు పిన్నుల చార్జర్‌తో పెట్టినప్పుడు పైన వేలు రాస్తే గరగరలాడినట్టు ఉంటుంది కదా? ఇదీ అదే. కాకపోతే కొత్త వస్తువుల్లో ఆ కారే కరెంటు చాలా తక్కువ, జివ్వుమని ఊరుకుంటుంది. నాది పాత సరుకు. లోపల కెపాసిటర్ ముసలిదైపోయి లీకు పెరిగింది. మొదటి సాయంత్రం ఎవరికీ షాక్ ఎందుకు కొట్టలేదంటే, టీవీ వైరు గుండా కేబుల్ తొడుగులోకి ఆ లీకు పోయింది. నేను ఆ వైరు కూడా పీకాను. అంటే ఉన్న రెండు దారులూ నా చేత్తో నేనే మూసేశాను.

ఇది చిన్న ప్రమాదం. పెద్దది ఊహించండి. లోపల ఫేజ్ తీగ మీద తొడుగు ఒరిసిపోయి బాడీకి తగిలిందనుకోండి. ఎర్త్ లేకపోతే ఏమీ పడిపోదు. పాట కూడా ఆగదు. 230 వోల్టులతో ఆ డబ్బా షెల్ఫులో బుద్ధిగా కూర్చుని ఉంటుంది, ఎవరో ఒకరు ముట్టుకునే దాకా.

సరే, సాయంత్రానికి ఎలక్ట్రీషియన్ బాబాయ్ వచ్చారు. హాల్లో సాకెట్ విప్పారు. (ఫొటో స్క్రీన్ మీద పెడుతున్నా, చూడండి.) పచ్చ తీగ లేదు. అసలు వెయ్యనే లేదు. ఎర్త్ పిన్నుకీ న్యూట్రల్ పిన్నుకీ మధ్య వేలెడంత నల్ల తీగ ముక్క బిగించి ఉంది. "ఎవరో జంపర్ కొట్టేశారు బాబూ. ఇలాంటివి చాలా ఇళ్లలో చూస్తుంటా" అన్నారు. ఇందులో మోసం ఏంటంటే, మల్టీమీటర్ పెడితే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 చక్కగా చూపిస్తుంది. చూసేవాడికి ఎర్త్ ఉన్నట్టే. నేను పిన్ను తీసెయ్యకపోయినా నాకు ఎర్త్ లేదన్నమాట.

ఇప్పుడు ఇస్త్రీ పెట్టె దగ్గరికి వద్దాం. నాకు ఈ ఎపిసోడ్‌లో బాగా నచ్చిన పార్ట్ ఇదే. మా హాలూ, పక్క గదీ ఒకే లైను మీద ఉన్నాయి. తీగ 1.5 స్క్వేర్ ఎంఎం, డీబీ నుంచి 15 మీటర్ల దూరం. అంత పొడుగు రాగి తీగకి రెసిస్టెన్స్ సుమారు 0.17 ఓమ్. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె లాగేది 4.3 ఆంపియర్లు. రెండూ గుణించండి, 0.7 వోల్టు దాటుతుంది. అంటే ఇస్త్రీ పెట్టె వేడెక్కుతున్నంతసేపూ హాల్లో ఉన్న న్యూట్రల్, డీబీ దగ్గరున్న న్యూట్రల్ కంటే 0.7 వోల్టు పైన ఊగుతోంది. జంపర్ పుణ్యమా అని ఆ న్యూట్రలే నా యాంప్లిఫయర్‌కి 'ఎర్త్'. ఇటు ఈ దొంగ ఎర్త్, అటు ఆర్‌సీఏ వైరు, టీవీ, సెట్‌టాప్ బాక్స్, కేబుల్ పైతొడుగు, చివర వీధిలో ఎక్కడో ఇంకో ఎర్త్. రెండు చివరలకీ వోల్టేజీ తేడా ఉంటే మధ్యలో కరెంటు పారక తప్పదు. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. ఆ కరెంటు ఆర్‌సీఏ వైరు పైనున్న అల్లిక గుండా పోతుంది. పాట సిగ్నల్ తిరిగొచ్చే దారి కూడా అదే. ఒక సీడీ ప్లేయర్ ఇచ్చే ఫుల్ సిగ్నలే సుమారు 2 వోల్టులు. అలాంటి చోట 0.7లో చిన్న వంతు కలిసినా చాలు, 50 హెర్ట్జ్ మోత స్పీకర్లోంచి హాయిగా వినిపిస్తుంది. ఎర్ర లైటు వెలిగితే పెరుగుతుంది, ఆరితే తగ్గుతుంది. నాన్న ఇస్త్రీ పెట్టె థర్మోస్టాట్‌ని నేను స్పీకర్లో విన్నాను.

జంపర్‌తో ఇంకో భయంకరమైన సంగతి ఉంది. సాకెట్‌కీ డీబీకీ మధ్య ఎక్కడైనా న్యూట్రల్ లూజ్ అయి తెగితే, ఆ లైను మీద ఆన్‌లో ఉన్న వస్తువు గుండా ఫేజ్ వచ్చి న్యూట్రల్ చివర కూర్చుంటుంది. అక్కడి నుంచి జంపర్ మీదుగా ప్రతి ఇనుప బాడీ మీదకీ. వస్తువులో ఏ లోపమూ లేకపోయినా షాక్ కొడుతుంది. ఇలాంటి ఇంట్లో ఆర్‌సీసీబీ పెడితే కేబుల్ గుండా బయటికి పోయే కరెంటుకి అది పడిపోతూ ఉంటుంది. అప్పుడు కొందరు ఏం చేస్తారో తెలుసా? "ఊరికే పడిపోతోంది" అని దాన్నే పీకేస్తారు!

సో, లైను. సెపరేట్ లైన్ అంటే డీబీలో దీని కోసమే ఒక ఎంసీబీ, అక్కడి నుంచి మధ్యలో ఏ స్విచ్ బోర్డుకీ వెళ్లకుండా ఫేజ్, న్యూట్రల్, ఎర్త్ మూడు తీగలు నేరుగా హాల్లో సాకెట్ దాకా. ఇంతే. పాత పైపుల్లో తీగలు కిక్కిరిసి ఉన్నాయి, కొత్తవి దూరవు. గోడ కొట్టడం అమ్మకి ఇష్టం లేదు. అందుకని సీలింగ్ అంచున పీవీసీ పట్టీ వేసి లాగాం. తీగలు ఎర్రది ఫేజ్, నల్లది న్యూట్రల్, పచ్చది ఎర్త్. షాపులో పాతకాలపు వాళ్లు ఇంకా 'మూడు ఇరవై', 'ఏడు ఇరవై' అంటారు. 20 గేజి పోగులు మూడు, ఏడు అని. దాదాపుగా ఇప్పటి 2.5, 4 స్క్వేర్ ఎంఎంల స్థానంలో ఉండేవి అవి.

నేను 4 వేయించాను. అవసరం ఉందా? లేదు. లెక్క చూడండి. డీబీ నుంచి కొత్త దారిలో 18 మీటర్లు. సిస్టమ్ మొత్తం గట్టిగా మోగుతూ 500 వాట్లు లాగిందనుకుందాం, అంటే 2.2 ఆంపియర్లు. 2.5 తీగ మీద పోనూ రానూ తగ్గే వోల్టేజీ 0.55. 4 తీగ మీద 0.34. తేడా 0.2 వోల్టు. సాయంత్రం అందరూ మోటార్లు వేస్తే మా వీధి వోల్టేజే 10 వోల్టులు ఊగుతుంది. లెక్క తెలిసీ 4 కొన్నానంటే అది ఆడియో పిచ్చి, ఇంకేం లేదు. మీరు 2.5 వేసి, దానికి 16 ఆంపియర్ల సీ కర్వ్ ఎంసీబీ పెట్టుకోండి. బీ కర్వ్ అయితే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యాంప్లిఫయర్లు ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా లాగే కరెంటుకి పడిపోవచ్చు.

తీగ మీద మిగిలిన డబ్బు ఎర్త్ మీద పెట్టండి. మన వైపు చాలా ఇళ్లకి స్తంభం నుంచి వచ్చేవి రెండే తీగలు, ఫేజ్, న్యూట్రల్. ఎర్త్ మనమే వేసుకోవాలి. మా పెరట్లో అంట్లు తోమే చోటు పక్కన, ఎప్పుడూ తడి ఉండే నేల చూసి గుంట తీయించాం. రెండున్నర మీటర్ల చిల్లుల జీఐ పైపు, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా. అక్కడి నుంచి ఎర్త్ తీగ డీబీకి. ఎండాకాలంలో దాంట్లో నీళ్లు పోసే డ్యూటీ నాన్నది.

ఎర్త్ వేశాం కదా, ఇక సేఫ్ అనుకుంటున్నారా? ఆగండి. ఎర్త్ గుంట రెసిస్టెన్స్ 20 ఓమ్‌లు ఉందనుకోండి. ఫేజ్ బాడీకి తగిలితే పారే కరెంటు 230 బై 20, అంటే 11.5 ఆంపియర్లు. మన ఎంసీబీ 16 ఆంపియర్లది. దాని దృష్టిలో ఇది మామూలు లోడే! పడనే పడదు. గుంట బాగుండి 5 ఓమ్‌లే ఉన్నా 46 ఆంపియర్లు. పడుతుంది, కానీ కొన్ని సెకన్లు ఆలోచించుకుని పడుతుంది. అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో మూడో వంతు లోపే లైను కట్. ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ కలిపి ఒకే ముక్కలో కావాలంటే ఆర్‌సీబీవో అని దొరుకుతుంది. ఒక్క లైనుకి అదే సుఖం, నేను అదే పెట్టించాను. మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి పడుతోందో లేదో చూడండి.

పై లెక్కలోంచే ఇంకోటి. ఆడియో కోసం ప్రత్యేకంగా ఇంకో ఎర్త్ రాడ్ పాతించి, ఇంటి ఎర్త్‌కి కలపకుండా 'క్లీన్ ఎర్త్' అని వాడేవాళ్లు ఉన్నారు. వద్దు బాబోయ్. ఒక ఇంట్లో రెండు ఎర్త్‌లు విడివిడిగా ఉంటే, పక్కన పిడుగు పడిన రోజు ఆ రెండింటి మధ్యా వేల వోల్టుల తేడా వస్తుంది. వాటి మధ్యలో ఉండేది మీ యాంప్లిఫయర్, మీరు. ఎన్ని గుంటలు తీసినా అన్నీ కలిసి ఒక్కటే కావాలి.

ఈ పిచ్చికి హద్దు లేదనుకోండి. 2016లో వాల్ స్ట్రీట్ జర్నల్ ఒక కథనం వేసింది. జపాన్‌లో కొందరు సంగీతాభిమానులు శుభ్రమైన కరెంటు కోసం ఇంటి ఆవరణలో సొంత కరెంటు స్తంభం, దాని మీద సొంత ట్రాన్స్‌ఫార్మరు పెట్టించుకున్నారట. మన పొలాల్లో మోటారుకి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ చూసినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

మరి సౌండ్ మారిందా? నిజం చెప్తా. బేస్ పెరగలేదు, గొంతు తేటగా మారలేదు. యాంప్లిఫయర్ లోపలికెళ్లాక ఆ కరెంటు ఎలాగూ రెక్టిఫయర్ దాటి, పెద్ద కెపాసిటర్లలో నిండి, డీసీ అవుతుంది. పాట దాంట్లోంచి వస్తుంది. లక్ష రూపాయల పవర్ కేబుల్ అమ్మేవాళ్లని ఈ ఒక్క ముక్క అడగండి. మారినవి ఇవి. ఇస్త్రీ పెట్టెతో మోత ఊగడం ఆగిపోయింది. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడు వచ్చే టప్ అనే సౌండు బాగా తగ్గింది. వీధి వోల్టేజీ మాత్రం అలాగే ఊగుతుంది, దాన్ని మీ లైను ఏం చెయ్యలేదు.

మోత పూర్తిగా పోయిందా? లేదు! టీవీ వైరు తిరిగి పెడితే సన్నగా ఉంది. ఇప్పుడు మనది నిజమైన ఎర్తే, కానీ కేబుల్ తొడుగు చివర ఇంకో ఎర్త్ ఇంకా ఉంది కదా. కేబుల్ పీకితే సైలెన్స్, పెడితే మోత. దోషి దొరికినట్టే. టీవీ వెనక ఆప్టికల్ ఔట్ ఉంది. చిన్న డీఏసీ ఒకటి కొని ఆప్టికల్ కేబుల్‌తో కలిపాను. దాంట్లో పోయేది వెలుగు, రాగి తీగ లేదు, కాబట్టి లూప్ తెగిపోయింది. పిన్ను విరక్కుండా మొదటి రోజే ఈ పని చేసి ఉండొచ్చు నేను.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు, అపార్ట్‌మెంట్ వాళ్లు ఏం చెయ్యాలి అంటారు. గోడ ముట్టుకోలేరు, గుంట తియ్యలేరు. అయినా సగం పని అవుతుంది. టీవీ, యాంప్లిఫయర్, సబ్‌వూఫర్ అన్నీ ఒకే సాకెట్ నుంచి ఒకే మంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద పెట్టండి. ఆడియోకి లోడు తక్కువ, సరిపోతుంది. అన్నిటికీ ఎర్త్ ఒక్క చోటే కలుస్తుంది, లూప్ చిన్నదైపోతుంది. ఏసీ, గీజర్ ఉన్న సాకెట్ మాత్రం వద్దు. ఇంటికి త్రీ ఫేజ్ ఉంటే అన్నీ ఒకే ఫేజ్ మీద ఉండేలా చూసుకోండి. ఎలక్ట్రీషియన్ని పిలిచి రెండే అడగండి: "డీబీలోకి పచ్చ తీగ వచ్చిందా? ఈ సాకెట్లో జంపర్ ఉందా?" మీటర్ చూడ్డం వచ్చిన ఆయనైతే లోడు ఆన్‌లో ఉండగా న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూస్తారు. ఒకటి రెండు వోల్టులుంటే మామూలే. పెద్ద లోడు పెట్టినా కచ్చితంగా సున్నా చూపిస్తుంటే సాకెట్ విప్పించి చూడాల్సిందే.

మోత స్పీకర్లోంచి కాకుండా డబ్బాలోంచే వస్తుంటే అది వేరే కథ, ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటోంది. ముఖ్యంగా స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద. దాని మీద వచ్చే వారం మాట్లాడదాం, ఈ కొత్త లైనుని ఇన్వర్టర్‌కి ఎందుకు కలపలేదో కూడా అప్పుడే చెప్తా.

యాంప్లిఫయర్ ఇప్పుడు తెనాలిలోనే ఉంది, నాన్న ఇవ్వనన్నారు. లోపల కెపాసిటర్ మార్పించాం, మూడు పిన్నుల ప్లగ్గే, బాడీకీ ఎర్త్‌కీ మధ్య మీటరు పెడితే సున్నా. ఇవన్నీ అమ్మకి చూపించాను. అయినా తుడిచే ముందు చెయ్యి పొడిగా తుడుచుకుని, వేలి వెనకవైపుతో దాన్ని ఒకసారి తాకి చూస్తుంది. సరే ఫ్రెండ్స్, ఉంటా మరి. వచ్చే శుక్రవారం కలుద్దాం.